హెచ్చరికలన్నీ మా గేరికే ఎందుకొస్తయి? (నడిగడ్డ ముచ్చట్లు – 17)



పోయిన వారం రెండు ఫోన్లు వచ్చినయి. మొదటిది వనపర్తిలో డిగ్రీ చదివే ఒక తమ్ముడిది. రూమ్మేట్ మంచి పిల్లగాడేనట. కానీ రోజూ రాత్రి లైటు బంద్ చేసే ముందు ఒక్కటే అడుగుతడట: "ఈ రాత్రి నువ్వు సచ్చిపోతే యాడికి పోతవ్?" తమ్ముడు నాలుగు రోజులు నవ్విండు, తర్వాత కోప్పడిండు, ఇప్పుడు రూమే మారుతనంటున్నడు. రెండో ఫోన్ నాగర్‌కర్నూల్ నుంచి ఒక చెల్లెది. ఆమె మనతోటి పనిచేసే మనిషే. ఇంట్లో దేవుని పటాలు తీసెయ్యమని అమ్మకు చెప్పీ చెప్పీ, ఆఖరికి అమ్మ ఆమెతోటి మాట్లాడుడే బంద్ చేసిందట. "మంచి కోరి చెప్తే గూడ ఇనకపోతే ఏం జెయ్యాలన్నా?" అని ఏడ్చింది.

ఒకరు వినొద్దనుకునేటోడు. ఒకరు వినిపించాలనుకునేది. ఇద్దరికీ ఫోన్‌లో సరైన జవాబు చెప్పలేకపోయిన. ఎందుకంటే ఈ రెండు వైపులా నేనే నిలబడి వచ్చిన. అందుకే ఈ భాగం మా అవ్వ గురించి.

మాది గద్వాల దగ్గర పల్లె. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న నేల కాబట్టి నడిగడ్డ అంటరు. రెండు నదులున్నా మా గేరికి వలస తప్పలేదు. అవ్వ జూరాల కాలువ పనిల తట్ట మోసింది, సుగ్గికి పోయింది, ఊర్లున్న రోజుల్లో దొర పొలంల కలుపు తీసింది. అక్షరం ముక్క రాదు. దేవుండ్లు మాత్రం ఇంటి నిండ ఉండిరి. ఎల్లమ్మ, మైసమ్మ, అందరికన్న ఎక్కువ కురుమూర్తి స్వామి.

కురుమూర్తి అంటే ఎందుకంత పాణమో పాలమూరోళ్ళకు చెప్పనక్కర లేదు. కార్తీక మాసంల జాతరకు స్వామి ఉద్దాలు, అంటే పాదరక్షలు, వడ్డెమాన్‌ల మాదిగోళ్ళే తయారు చేస్తరు. నిష్ఠతో కుట్టిన ఆ తోలు ఉద్దాలను ఊరేగింపుగా తీసుకపోతుంటే అన్ని కులాలోళ్ళు నెత్తికి తాకించుకోవాలని ఎగబడతరు. మిగిలిన ఏడాదంతా మేం కుట్టిన చెప్పు తొడుక్కొని మమ్మల్ని దూరం జరగమనేటోళ్ళు, ఆ ఒక్కరోజు మా చేతి తోలుకు తల వంచుతరు. అవ్వకు ఆ ఒక్కరోజు చాలు.

నేను డిగ్రీ రెండో ఏడుల ఉన్నప్పుడు అవ్వ దమ్ముతోటి మంచం పట్టింది. ఆ నెల రోజుల్లో ఆమె మంచం కాడికి ముగ్గురు మనుషులు మూడు హెచ్చరికలు మోసుకొచ్చిన్రు.

మొదటాయన ఊరి పెద్దమనుషుల తరఫున వచ్చిండు. మా మేనత్త బిడ్డకు అప్పుడు పదకొండేండ్లు. తల మీద వెంట్రుకలు జడలు కట్టినయి. మా దిక్కు జడ కడితే ఎల్లమ్మ అడిగిందని లెక్క. పిల్లను అమ్మవారికి ఇడవాలె, లేకుంటే ఇంటికి, ఊరికి అరిష్టం అన్నడు ఆయన. ఇడుచుడంటే ఏందో ఈ పేజీ చదివేటోళ్ళకు తెలుసు. జోగినిని చేసుడు. దేవత పేరు మీద మెడల ముడి పడుతది, ఊర్ల మగోళ్ళ ముందు ఆ పిల్లకు దిక్కుండదు. "నీకు దమ్ము లేసింది గూడ ఆ బాకీ తోటే" అని అవ్వకు ఒక మాట గుచ్చిండు.

అవ్వ లేచి కూసుంది. "నూనె లేక జడ కట్టింది గానీ ఎల్లమ్మ అడిగి గాదు. ఎల్లమ్మ నాకు తెల్వదా? ఇయ్యాల నిన్న మొక్కినదాన్నా నేను? అంత కావాలంటే అమ్మవారు మీ ఇంటి ఆడపిల్లనెందుకు అడగదు?" అన్నది. ఆయన మళ్ళ ఆ సాయంత్రం మా గేరి దిక్కు చూడలేదు.

రెండో మనిషి మా చిన్నాయిన. ఆయన పక్క ఊర్ల సంఘానికి పాస్టరు. అవ్వకు కన్నకొడుకు. అమ్మ రక్షణ లేకుండా పోతదని ఆయనకు నిజంగ నిద్ర పట్టలేదు. నేను దగ్గర ఉండి చూసిన. నాటకం కాదు, కన్నీళ్ళు పెట్టుకున్నడు. కానీ రోజుకు మూడు పూటలు, ఆమెకు ఊపిరి అందని టైముల గూడ, తీర్పు గురించి, ఆరని అగ్ని గురించి చెప్పుకుంటనే ఉన్నడు. ఒకరోజు అవ్వ మెల్లగ అన్నది: "బిడ్డా, ముందుగాల నాకు ఇన్ని నీళ్ళియ్యి. నిప్పుల ముచ్చట తర్వాత చెప్దువు. ఎండల బండలు మోసినదాన్ని, నాకు నిప్పు కొత్తదా?"

మూడో మనిషి నేనే.

హాస్టల్‌ల కొత్తగ చదివిన పుస్తకాల వేడి మీద ఉన్న. అవ్వ మంచానికి ఎదురుగ గోడకున్న ఎల్లమ్మ పటం తీసి బయట పెట్టిన. కురుమూర్తి ఉద్దాల గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చిన. "చెప్పులు కుట్టించుకొని మొక్కుతున్నట్టు నటిస్తున్నరు, అది నీ గౌరవం గాదు, నీ బానిసతనం. నువ్వు మారకపోతే మన జాతి ఇట్లనే నాశనమైతది" అని ఆమె ముఖం మీద చెప్పిన. అవ్వ చానా సేపు నా దిక్కు చూసి ఒక్క మాట అడిగింది: "నువ్వు గూడ భయపెట్టనీకెనే వచ్చినవా కొడుకా?"

ఇరవై ఏండ్లు దాటింది. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్న.

*

ముందుగాల ఒక సంగతి సాఫ్‌గ చెప్తా. ఇది పాస్టర్ల మీద కోపంతోటి రాసే వ్యాసం గాదు. మా మూడు జిల్లాల చరిత్ర తెలిసినోడెవడూ అట్ల రాయలేడు. నాగర్‌కర్నూల్‌ల, వనపర్తిల మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ 20వ శతాబ్దం మొదటి భాగంలనే కేంద్రాలు పెట్టింది. గద్వాల అంతకు ముందు అమెరికన్ బాప్టిస్టుల కింద ఉండి, 1937లో వీళ్ళ చేతికి వచ్చింది. జడ్చర్లల మిషన్ ఆసుపత్రి నడిచింది. ఊర్ల బడి మెట్టు ఎక్కనియ్యని కాలంల మా తాతలకు పలకా బలపం ఇచ్చింది, మా చాప మీద కూసొని మా ఇంట్ల అన్నం తిన్నది ఎవరంటే ఆ బోధకులే. అంతకన్న ముందు ఒంగోలు దిక్కు చూస్తే, యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తనంతట తాను వెతుక్కుంట పోయి క్లౌ దొరను కలిసి, భార్యతోటి కలిసి ఊరూరా తిరిగి చెప్పిండు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నరు. వాళ్ళల్ల ఎక్కువ మంది మాదిగలే. అది కరువు కాలమే గానీ, వట్టి కరువు కోసమే పోయిన్రంటే మనోళ్ళ బుర్రను అవమానించినట్టే. వాళ్ళు వినాలనుకున్నరు, విన్నరు.

అట్లనే పాస్టర్లను రోడ్ల మీద ఆపి కొట్టేటోళ్ళు, బైబిళ్ళు గుంజుకునేటోళ్ళు ఈ వ్యాసం చదివి సంబరపడొద్దు. దెబ్బలు తినే ఆ పాస్టర్లల్ల ఎక్కువ మంది మనోళ్ళే. "చర్చికి పోతే సర్టిఫికెట్ పోతది" అనేది గూడ ఒక హెచ్చరికే, అది రాజ్యం చేసేది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన్రు. క్రైస్తవుడైన దళితుడు మాత్రం మన రెండు రాష్ట్రాల్ల బీసీ-సీ కిందికి, ఒక్క శాతంలకు పోవాలె. దేవుడు మారితే అంటరానితనం పోతదన్నట్టు. అందుకే మా చిన్నాయిన పిల్లలు గుడారంల ఒక పేరుతోటి, కాలేజీల ఒక పేరుతోటి బతికిన్రు. భయపెట్టి మతంలకు గుంజుడు ఎంత తప్పో, భయపెట్టి మతంల ఆపుడు అంతే తప్పు.

మరి నా ప్రశ్న ఏంది? ఎవరి మతం నిజం అన్నది గాదు. వినొద్దనుకునే మనిషికి చెప్పే పద్ధతి ఏంది అన్నది.

*

బాబాసాహెబ్‌ను చూడుండ్రి. 1935 అక్టోబర్ 13న యేవలాల, హిందువుగ పుట్టిన గానీ హిందువుగ చావనని ప్రకటించిన్రు. ఆ తర్వాత లాహోర్‌ల జాత్‌పాత్ తోడక్ మండల్ ఆయనను అధ్యక్షునిగ పిలిచింది. ప్రసంగం రాసి పంపితే వాళ్ళు బెదిరిన్రు. కొన్ని మాటలు తీసెయ్యమన్నరు. ఆయన ఒక్క కామా గూడ మార్చనన్నరు. సభే రద్దయింది. చరిత్రల ఇంతకన్న పెద్ద "వినం" ఉండదు. ఆయన ఏం చేసిన్రు? లాహోర్ పోయి వాళ్ళ తలుపులు కొట్టలేదు. 1936లో సొంత ఖర్చుతోటి 1,500 ప్రతులు అచ్చేయించిన్రు. కావాలనుకున్నోళ్ళు కొనుక్కొని చదివిన్రు, రెండు నెలల్ల అయిపోయినయి. అదే కుల నిర్మూలన. మాట మెత్తబర్చలేదు, మనిషి మెడ పట్టలేదు. రెండూ ఒకటేసారి సాధ్యమని చూపించిన్రు.

యేవలా నుంచి నాగపూర్ దీక్ష దాకా లెక్కపెట్టుండ్రి. 1956 అక్టోబర్ 14. ఇరవై ఒక్క ఏండ్లు. లక్షల మంది తన వెంట ఉన్న నాయకుడు రేపే మారుండ్రి, లేకుంటే నాశనమైతరు అని తరమలేదు. చదివిన్రు, వాదించిన్రు, ఆగిన్రు. నేనేమో హాస్టల్ నుంచి వచ్చిన మూడో రోజే అవ్వ గోడ మీది పటం పీకిన.

ఆయన రాసిచ్చిన రాజ్యాంగంల 25వ అధికరణం చదువుండ్రి. మత ప్రచారం చేసే హక్కు అందులనే ఉంది. కానీ వరుస చూడుండ్రి. మొదట వచ్చేది అంతరాత్మ స్వేచ్ఛ. ప్రచారం ఆఖర్ల వస్తది. 1977ల స్టానిస్లాస్ కేసుల సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కంటే ఎదుటోన్ని మతం మార్చే హక్కు గాదని చెప్పింది. ఆ తీర్పును అడ్డం పెట్టుకొని రాష్ట్రాలు చేసిన చట్టాల మీద నాకు చానా తగువుంది, అది వేరే భాగంల రాస్త. 2000ల మద్రాసు చర్చి ఒకదాని మైకుల కేసుల, పక్కోని శాంతి చెడగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతం చెప్పదన్నది అదే కోర్టు. అది గుడి మైకుకు, మసీదు మైకుకు, మన జయంతి డీజేకు గూడ వర్తిస్తది. నోరు నీదైతే చెవి నాది. సింపుల్.

*

ఇప్పుడు అసలు సంగతికి వస్త.

మా అవ్వ మంచం కాడికి ముగ్గురు వచ్చిన్రు గదా. ఆ నెల రోజుల్ల దొర ఇంటికి ఎంత మంది పోయిన్రు? కూలి ఎగ్గొట్టినందుకు, హోటల్ల రెండు గ్లాసులు పెట్టినందుకు నరకానికి పోతవని ఆ గడప ముందు నిలబడి చెప్పినోడు ఒక్కడన్న ఉన్నడా? ఎల్లమ్మ కోపం, యెహోవా తీర్పు, జాతి నాశనం, అన్నీ మా గేరికే వచ్చినయి. నడిగడ్డల నీళ్ళు మా గేరికి పారవు గానీ హెచ్చరికలు మాత్రం ఎప్పుడూ మా దిక్కే పారుతయి. ఎందుకంటే మా ఇండ్లకు గేటు లేదు. మేం పొమ్మనలేం అని అందరికీ నమ్మకం.

చిన్నాయినకు ఈ మాట తర్వాత ఎప్పుడో చెప్పిన, ఆయన పుస్తకంల నుంచే. నాతాను పోయి నిలబడింది దావీదు రాజు ముందు. మోషే పోయింది ఫరో కాడికి. చెప్పుల జతకు బీదోన్ని అమ్ముకునే కలిగినోళ్ళ మీద ఆమోసు మండిపడిండు. అక్కడ హెచ్చరిక కింది నుంచి మీదికి పోయింది, చెప్పినోడు తల పణంగ పెట్టి చెప్పిండు. మంచంల ఉన్న ముసలిదానికి చెప్పనీకె ఏం పణం పెట్టాలె? చిన్నాయిన చానా సేపు మాట్లాడలేదు. "అవును, అది నా పిరికితనమే" అన్నడు. ఆ మాట అన్నందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

నా పిరికితనం గూడ ఒప్పుకోవాలె గదా. ఊరి సర్పంచి ఇంట్ల జరిగే హోమం ముందు నేనెప్పుడు ఉపన్యాసం ఇచ్చిన? పటం పీకిన గోడ నా అవ్వదే. తిరిగి కొట్టని గోడ.

*

"మరి ఎవ్వరికీ ఏం చెప్పొద్దా అన్నా? జోగినిల సంగతేంది?" అని మీరు అడుగుతరు. అడగాలె.

మేనత్త బిడ్డ విషయంల మేం వినేటోళ్ళు రెడీగ ఉన్నరా లేరా అని చూడలేదు. పెద్దమనుషులు మళ్ళ ఆ ముచ్చట ఎత్తుతరని తెలిసి నేను, చిన్నాయిన ఇద్దరం పోయి వాళ్ళ అరుగు మీదనే చెప్పినం. 1988ల వచ్చిన చట్టం ప్రకారం పిల్లను అంకితం చేసుడు నేరం, చేయించినోళ్ళందరి పేర్లు స్టేషన్ల ఇస్తమని. వాళ్ళకు వినబుద్ధి కాలేదు. అయినా చెప్పినం. ఇద్దరం కలిసి చేసిన పని అదొక్కటే. హైదరాబాద్‌ల భాగ్యరెడ్డి వర్మ మన్య సంఘం పెట్టి, నిజాం కాలంలనే జోగిని దురాచారం మీద తిరగబడ్డప్పుడు గూడ వినబుద్ధి కాని పెద్దలే ఎదురైన్రు. ఆయన ఆగలేదు.

తేడా ఎక్కడుందంటే, అక్కడ ఆపదల ఉన్నది వినేటోడు గాదు. మూలకు కూసున్న పదకొండేండ్ల పిల్ల. ఇంకొకరి ఒళ్ళు, ఇంకొకరి బతుకు పణంగ ఉన్నప్పుడు వినకున్నా చెప్పాలె, చట్టం తోటి చెప్పాలె. మనిషి ఆత్మ, మనిషి మొక్కు, మనిషి చావు తనవే అయినప్పుడు, ఒక్కసారి చెప్పి పక్కకు జరగాలె. చెప్పి పక్కకు జరిగితే హెచ్చరిక. ఒప్పుకునేదాకా మంచం కాడ నిలబడితే బెదిరింపు.

ఇంకొకటి. నాకు ఇది తెలుసుకోనీకె ఇరవై ఏండ్లు పట్టింది. ఆ పిల్లను ముందుగాల కాపాడింది నేనో చిన్నాయినో గాదు. ఎల్లమ్మను మొక్కే అవ్వ. "నూనె లేక జడ కట్టింది" అన్న ఆ నోరు. పెద్దమనిషిని తిప్పి పంపిన నోరూ, చిన్నాయినను నీళ్ళడిగిన నోరూ, నన్ను భయపెట్టనీకె వచ్చినవా అన్న నోరూ ఒక్కటే. మేం ఆ నెలంతా చేసింది ఆ నోరు మూయించే పని. నరకం పేరు చెప్పో, చైతన్యం పేరు చెప్పో మనవాళ్ళను "వద్దు" అనకుండ చేస్తే, రేపు ఆడపిల్లను ఇడవమని వచ్చేటోని ముందు, కూలి తగ్గించేటోని ముందు, ఓటు కొనేటోని ముందు గూడ ఆ నోరు లేవదు. తరతరాలుగ మనకు నేర్పింది తలూపుడే. "వద్దు" అనుడు మనం కొత్తగ నేర్చుకుంటున్న విద్య. అది మన మీద ప్రయోగించినా సరే, కాపాడుకోవాలె.

*

అవ్వ ఆ గండం గడిచి ఇంకో రెండేండ్లు బతికింది. ఆ ఏడు కార్తీకంల కురుమూర్తికి తీసుకపొమ్మన్నది. చిన్నాయిన బస్సు కాడనే ఆగిండు, లోపలికి రాలేదు. ఆయన నమ్మకం ఆయనది. నేను అవ్వను వీపు మీద మోసుకపోయిన. ఉద్దాల కాడ ఆమె మొక్కుతుంటే నేను చేతులు కట్టుకొని నిలబడ్డ, మొక్కలేదు. అవ్వ అడగలేదు. తిరిగొచ్చేసరికి చిన్నాయిన గోలీసోడా కొని పెట్టుకొని ఉండె, ముగ్గురం తాగినం. చచ్చిపోయినప్పుడు డప్పు కొట్టిన్రు. చిన్నాయిన సమాధి కాడ కండ్లు మూసుకొని ఏదో లోపల్లోపలే చెప్పుకున్నడు. ఎవ్వరూ ఎవ్వరినీ ఆపలేదు.

వనపర్తి తమ్ముడూ, రూము మారకు. రూమ్మేట్‌తోటి పగటిపూట, కడుపు నిండ తిన్నాక కూసో. "నీ మాట విన్న, నాకు వద్దు, మన దోస్తానా మాత్రం ఉండాలె" అని ఒక్కసారి చెప్పు. అతనిది గూడ మన గేరే అయి ఉంటది. అతని మీద ఎవడన్న చెయ్యెత్తితే ముందు నిలబడాల్సింది నువ్వే.

నాగర్‌కర్నూల్ చెల్లె, ఇంటికి పో. తీసిన పటం ఏమన్న ఉంటే ఉన్న కాడ పెట్టు. మొక్కకు, నీకు నమ్మకం లేదని అమ్మకు తెలుసు. ఆమె దమ్ముకు మందులున్నయా, పింఛను వస్తున్నదా చూడు. తర్వాత ఏదో ఒకరోజు ఆమెనే అడుగుతది, ఆ నీలి జెండ మీద చక్రం ఏందని. అడగకుంటే గూడ అమ్మ అమ్మే.

నేను ఆ రోజు పీకిన పటం మళ్ళ గోడకు పెట్టలేదు. అద్దం పగిలిపోయింది. అవ్వ మేకు మాత్రం తియ్యనియ్యలేదు.

వచ్చే భాగంల రెండు గ్లాసుల ముచ్చట, మీదికి పోవాల్సిన హెచ్చరికల ముచ్చట.

జై భీమ్.